కోరాపుట్ నుంచి వచ్చిన ప్రశ్న: దూరపు పట్‌లకి తేలిక డిస్క్ కొనాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు కోరాపుట్‌లో డిస్క్ గోల్ఫ్ ఆడుతున్నారు, అంటే ప్లాస్టిక్ డిస్క్‌ని వీలైనన్ని తక్కువ విసుర్లలో గొలుసులు వేలాడే బుట్టలో వేసే ఆట. బుట్ట దగ్గర నుంచి అందులో వేయడానికి విసిరేదే పట్. చేతిలో ఉన్న పటర్ (పట్‌కి వాడే డిస్క్) బెర్గ్, 174 గ్రాములు. ఏడెనిమిది మీటర్ల నుంచి చక్కగా పడుతోంది. 12 నుంచి 16 మీటర్ల మధ్య మాత్రం డిస్క్ బుట్ట అంచుకు తగిలి కింద పడుతోంది, లేదా రెండు మీటర్ల ముందే నేలకు దిగిపోతోంది. 160 లేదా 165 గ్రాముల పటర్ తెప్పించుకుంటే ఆ దూరం వస్తుందా? బయటి దేశం నుంచి రావాలి, కస్టమ్స్ కూడా కట్టాలి కాబట్టి ఒక్కటే కొనగలను అన్నారు. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న: కొత్తది వచ్చాక దగ్గరి పట్‌లకి బెర్గ్‌నే ఉంచుకోవాలా, తీసేయాలా?

ముందు జవాబు చెప్పేస్తాను. బరువు తగ్గించకండి, గ్లైడ్ (గాలిలో తేలే గుణం) పెంచండి. 170 నుంచి 174 గ్రాముల్లోనే ఉంటూ గ్లైడ్ 3 ఉన్న పటర్ ఒకటి తీసుకోండి. మీ సమస్య గ్రాముల్లో లేదు. సగం డిస్క్ మోడల్‌లో ఉంది, మిగతా సగం చాలావరకు కాళ్లలోనో మణికట్టులోనో ఉండి ఉంటుంది. అది వీడియో చూస్తే గాని చెప్పలేను.

నేను బరంపురంవాణ్ణి. అమెరికాలో ఉద్యోగం చేసినన్నాళ్లూ వారాంతాల్లో ఈ ఆటే నా కాలక్షేపం. తిరిగి వచ్చాక గోపాల్‌పూర్ వైపు సరుగుడు తోటల పక్కన ఖాళీ జాగాలో గేట్లు చేసే వెల్డింగ్ షాపులో చేయించిన బుట్టలు పెట్టుకుని పిల్లలకు నేర్పుతున్నాను. నేను చెప్పేది సముద్రపు గాలిలో ఆడేవాడి మాట. మీ కొండమీదికి ఎంతవరకు వర్తిస్తుందో కింద విడిగా రాశాను.

మొదట లెక్క చూద్దాం. రూల్స్ ప్రకారం డిస్క్ వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకూ 8.3 గ్రాములు మించకూడదు. పటర్లు చాలావరకు 21 సెంటీమీటర్ల పైచిలుకు వ్యాసంలో ఉంటాయి. 21 ని 8.3 తో గుణిస్తే 174.3. 21.2 అయితే దాదాపు 176. పటర్ల మీద 173, 174, 175 అని ఎక్కువగా కనిపించేది అందుకే, అది పై హద్దు. మీ 174 అంటే ఆ హద్దుకు ఆనుకుని ఉన్నట్టే.

ఇప్పుడు 164కి దిగారనుకుందాం. బరువు ఆరు శాతం తగ్గింది. మీరు పెట్టే శక్తి అంతా డిస్క్‌కే వెళ్లినా, వేగం పెరిగేది మూడు శాతం. ఆ మూడు శాతం వేగానికి గాలిలోకి విసిరిన వస్తువు దూరం ఆరు శాతం పెరుగుతుంది. 14 మీటర్లకి అది 80 సెంటీమీటర్ల చిల్లర. అదీ కాగితం మీద మాత్రమే. నిజానికి మనం పట్ వేసేటప్పుడు డిస్క్‌ని ఒక్కదాన్నే కదపడం లేదు. ముంజేయి, అరచేయి, భుజంలో కొంత కలిసి కదులుతాయి. కిలోల బరువున్న చేతికి పది గ్రాములు తగ్గినట్టు కూడా తెలియదు. కాబట్టి చేతి వేగం దాదాపు అంతే ఉంటుంది, ఆ 80 సెంటీమీటర్లలో మీకు దక్కేది ఏ కొద్ది భాగమో. మీ డిస్క్ ఆగిపోతున్నది రెండు మీటర్ల ముందు. పది గ్రాములు ఆ ఖాళీని పూడ్చలేవు.

నా లెక్క నమ్మనక్కర్లేదు. పైసా ఖర్చు లేకుండా మీరే చూసుకోవచ్చు. నాలుగు ఒకే రకం నాణేలు తీసుకుని కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టండి. నాలుగూ కలిపి ఎంత తూగాయో రాసుకోండి. వాటిని మీ బెర్గ్ అడుగున, అంచుకు కాస్త లోపలగా, గడియారంలో 12, 3, 6, 9 అంకెలున్న చోట్ల గట్టి టేపుతో అంటించండి. ఊడి ఎవరి మొహానికో తగలకుండా టేపు రెండు పొరలు వేయండి. ఇలా డిస్క్‌ని బరువెక్కించి పోటీల్లో ఆడకూడదు, ఇది ప్రాక్టీస్‌కి మాత్రమే. గాలి లేని పొద్దున్నే వెళ్లి 14 మీటర్ల నుంచి నాణేలతో కొన్ని, నాణేలు లేకుండా కొన్ని వేయండి. ఏది ఎక్కడ దిగిందో చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. బరువు పెంచితే డిస్క్ దిగే చోటు పెద్దగా మారకపోతే, అంతే బరువు తగ్గించినా మారదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో తేలిక డిస్క్ కావాలని పట్టుబట్టిన ప్రతివాడి చేతా ముందు ఈ పని చేయిస్తాను. రెండు రకాల గుర్తులూ కలిసిపోయి ఏది ఏదో చెప్పలేకపోవడమే ఎక్కువసార్లు జరుగుతుంది.

మరి దూరం ఎక్కడి నుంచి వస్తుంది?

మీ చేతిలో ఉన్న డిస్క్ చూడండి. బెర్గ్ ఎగిరే తీరుకు కంపెనీ ఇచ్చిన నాలుగు అంకెలు 1, 1, 0, 2. రెండో అంకె గ్లైడ్, అంటే డిస్క్ గాలిలో తేలుతూ ముందుకు సాగే గుణం. బెర్గ్‌కి అది 1. స్వీడన్‌లోని కాస్టాప్లాస్ట్ వాళ్లు దాన్ని చేసిందే అలా: విసిరిన చోట దిగాలి, బుట్ట దాటి ఈలవేసుకుంటూ పోకూడదు. అప్రోచ్‌కి, అంటే డిస్క్‌ని బుట్ట దగ్గరికి చేర్చే విసురుకి, దానంత నమ్మకమైనది నాకు ఇంకోటి దొరకలేదు. 8 మీటర్ల పట్‌కి కూడా బాగుంటుంది, ఎందుకంటే అక్కడ తేలాల్సిన పని పెద్దగా లేదు. 15 మీటర్లకి మాత్రం ఆ గుణమే అడ్డం. ఇన్నోవా ఏవియార్ అంకెలు 2, 3, 0, 1. డైనమిక్ డిస్క్స్ జడ్జ్‌వి 2, 4, 0, 1. అదే చేయి, అదే ఊపు, అదే 174 గ్రాములు పెట్టి బెర్గ్ బదులు ఏవియార్ వేస్తే మీకు కనిపించే తేడా, పది గ్రాములు తగ్గిస్తే వచ్చే తేడా కంటే చాలా ఎక్కువ. ఈ అంకెలు కంపెనీలు తమ అంచనాతో వేసుకునేవే, తూకపు రాళ్లు కావు. అయినా 1కీ 3కీ మధ్య ఉన్న దూరం మైదానంలో కంటికి కనిపిస్తుంది.

గ్లైడ్ 4 దాకా ఎందుకు వెళ్లొద్దంటున్నానంటే, ఎక్కువ తేలేది బుట్ట తప్పినప్పుడు ఎక్కువ దూరం కూడా పోతుంది. దూరపు పట్ వేసేవాడు తరవాతి పట్ గురించి కూడా ఆలోచించాలి. కోరాపుట్‌లో సమతలంగా ఉన్న చోటు వెతుక్కోవాలి కాబట్టి మీకు ఇది మరీ ముఖ్యం. వాలు మీద బుట్ట ఉంటే, వెనక్కి పోయిన డిస్క్ అంచు మీద నిలబడి దొర్లుకుంటూ వెళ్లిపోతుంది, అక్కడ నుంచి మళ్లీ 15 మీటర్ల పట్. ఒక బంగారం లాంటి స్కోరు రెండు పట్‌లలో మట్టిలో కలిసిపోతుంది. తేలిక డిస్క్‌కి కూడా ఇదే జబ్బు. గాలి కాస్త అందుకుందంటే బుట్ట పైనుంచి తేలిపోయి ఇంకో అయిదారు మీటర్లు పోతుంది.

ఇక చేతి సంగతి. "ముందే పడిపోతోంది" అని అందరూ ఒకే మాట అంటారు గాని అందులో రెండు రకాలు ఉన్నాయి. మీది ఏదో మీరే తేల్చుకోవాలి.

మొదటి రకం: డిస్క్ బాగానే పైకి లేస్తుంది, బుట్టకు మూడు మీటర్ల ముందు గాలిలో ఆగినట్టు అవుతుంది, అక్కడి నుంచి నిట్టనిలువుగా దిగిపోతుంది. ఇది శక్తి చాలక కాదు. డిస్క్ ముందు అంచు పైకి లేచి ఉంది, అంటే ముక్కు పైకెత్తి వదిలారు. ఆ ముక్కు గాలికి అడ్డం పడి వేగాన్ని తినేస్తుంది. ఇలాంటివాళ్లకి తేలిక డిస్క్ ఇస్తే రోగం ముదురుతుంది: ఇంకా పైకి లేస్తుంది, ఇంకా ముందే ఆగుతుంది. మందు ఏమిటంటే బొటనవేలితో డిస్క్ పైభాగాన్ని ఇంకొంచెం గట్టిగా నొక్కి పట్టడం, వదిలేటప్పుడు మణికట్టు కిందికి వంగి ఉండేట్టు చూసుకోవడం. ఎత్తు కావాలంటే డిస్క్ వెళ్లే దారినే ఎత్తులో పెట్టాలి గాని ముక్కును ఎత్తకూడదు.

రెండో రకం: డిస్క్ చదునుగానే వెళ్తుంది గాని మెల్లగా కిందికి జారుతూ వచ్చి బుట్ట అంచు కింద కొట్టుకుంటుంది. ఇది వేగం, తిరుగుడు, గ్లైడ్, ఈ మూడింటిలో ఏదో ఒకటి చాలకపోవడం. గ్లైడ్ సంగతి చెప్పాను. తిరుగుడు చూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. డిస్క్ పైన మధ్య నుంచి అంచు దాకా మార్కర్‌తో లావుపాటి గీత ఒకటి గీయండి. ఫోన్‌ని పక్కన స్టాండ్ మీద పెట్టి స్లో మోషన్‌లో తీయండి. ఆ గీత చేతిలోంచి వదిలాక గొలుసుల దాకా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. దగ్గరి పట్‌లోనూ దూరపు పట్‌లోనూ తిరిగే జోరు ఒకేలా ఉందంటే, దూరానికి మీరు భుజంతో తోస్తున్నారు గాని మణికట్టు వాడటం లేదని అర్థం. తిరుగుడు తగ్గిన డిస్క్ చివర్లో ఊగుతుంది, ఎడమకి వాలిపోతుంది (కుడిచేతివాళ్లకి). చివరి మూడు మీటర్లలో ఎడమకి జారి గొలుసుల పక్కనుంచి పోయేవన్నీ ఇవే.

కాళ్ల గురించి ఒక్క పేరా. 8 మీటర్ల పట్ చేతితో వేసేయవచ్చు. 14 మీటర్లు చేతితో వేయాలని చూస్తే ఊపు పెద్దదవుతుంది, గురి పోతుంది. వెనక కాలి మీద బరువు ఉంచి ముందుకాలి మీదికి తెచ్చే క్షణంలోనే డిస్క్ వదలాలి. పైగా బుట్ట చుట్టూ ఉండే 10 మీటర్ల సర్కిల్ బయట ఒక వెసులుబాటు ఉంది: డిస్క్ వదిలాక మార్కర్ (ముందటి విసురు ఆగిన చోటి గుర్తు) దాటి ముందుకు అడుగు వేయవచ్చు. వదిలే క్షణంలో మాత్రం ఒక కాలు మార్కర్ వెనక ఉండాల్సిన చోట నేలకు తగులుతూ ఉండాలి. అందుకే స్టెప్ పట్, జంప్ పట్ అనేవి ఉన్నాయి. సర్కిల్ లోపల అలా కుదరదు, బ్యాలెన్స్ నిలబెట్టుకున్నాకే ముందుకు కదలాలి. 12 మీటర్ల నుంచి కూడా సర్కిల్ లోపలున్నట్టు బిగుసుకుని నిలబడి పట్ వేసేవాళ్లని చాలామందిని చూశాను. రూల్ ఇచ్చిన అడుగు వాడుకోకుండా డిస్క్ బరువు మీద నెపం పెడతారు. స్టెప్ పట్ ఒక్కటి కుదిరితే మీ రెండు మీటర్లు అక్కడే దొరకవచ్చు.

ఇప్పుడు గాలి. బరువు గురించి నిజంగా మాట్లాడాల్సింది ఇక్కడే.

డిస్క్ సెకనుకు 10 మీటర్ల వేగంతో వెళ్తోందనుకోండి. ఎదురుగాలి సెకనుకు 5 మీటర్లు, అంటే గంటకు 18 కిలోమీటర్లు. గోపాల్‌పూర్‌లో సాయంత్రంపూట అది పెద్ద గాలేమీ కాదు. డిస్క్‌కి తగిలే గాలి వేగం 15 అవుతుంది. గాలి బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అది ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. డిస్క్‌ని పైకెత్తే బలం, వెనక్కి లాగే బలం రెండూ అంత పెరుగుతాయి. అదే వాలుగాలి అయితే డిస్క్‌కి తగిలే గాలి 5 మాత్రమే, బలం నాలుగో వంతుకు పడిపోతుంది. వెనక నుంచి గాలి వీస్తోంది కదా దూరం పోతుంది అనుకుని మెల్లగా వేసిన పట్ రాయిలా పడిపోవడానికి కారణం ఇదే. వెనక గాలి ఉన్నప్పుడు దారి ఇంకాస్త ఎత్తులో పెట్టి కాస్త గట్టిగా వేయాలి.

ఎదురుగాలిలో ఆ రెండుంపావు రెట్ల బలం డిస్క్‌ని ఎంత కదుపుతుందన్నది దాని బరువు మీద ఆధారపడుతుంది. అదే బలం 160 గ్రాములని ఎక్కువ కదుపుతుంది, 175ని తక్కువ కదుపుతుంది. ఇక్కడ మనం మాట్లాడేది దూరం గురించి కాదు, పట్‌కీ పట్‌కీ మధ్య తేడా గురించి. గాలి ఒకే తీరుగా వీచదు, ఎగిసి తగ్గుతుంది. ఒకసారి గొలుసుల మధ్య కొట్టిన పట్, అచ్చం అలాగే వేస్తే ఇంకోసారి బుట్ట పైనుంచి పోతుంది. తేలిక డిస్క్‌తో ఈ తేడా పెరుగుతుంది. పక్కగాలి అయితే మరీ చిక్కు, డిస్క్ అడుగుభాగం గాలికి కనిపించేలా వాలిందంటే తెరచాపలా ఎత్తుకుపోతుంది. 15 మీటర్ల పట్ గాలిలో ఉండే సమయం ఎక్కువ కాబట్టి ఈ బాధ దగ్గరి పట్ కంటే ఎక్కువ. అందుకే దూరపు పట్‌కి తేలిక డిస్క్ అన్న ఆలోచన, గాలి ఉన్న చోట, తలకిందులు. మా దగ్గర పిల్లలు కాకుండా ఎవరూ 170కి తగ్గరు.

మీ కోరాపుట్‌కి ఒక మినహాయింపు ఉంది, న్యాయంగా చెప్పాలి. మీ ఊరు సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తులో గాలి సాంద్రత తీరం కంటే సుమారు ఎనిమిది శాతం తక్కువ. అక్కడి చల్లగాలి కాస్త చిక్కన, దాన్ని కూడా లెక్కలో కలిపితేనే ఇది.  ఎనిమిది శాతం అంటే 174కీ 160కీ ఉన్న తేడా. అంటే తేలే విషయంలో మీ ఊళ్లో 160 గ్రాముల డిస్క్ ఎలా ఉంటుందో, గోపాల్‌పూర్‌లో 174 అలా ఉంటుంది. మా దగ్గర ప్రాక్టీస్ చేసి మీ కొండెక్కినవాడికి తన పట్‌లు కాస్త పొట్టిగా అనిపిస్తే అది భ్రమ కాదు. కాబట్టి మీరు తీరంలో ఆడేవాళ్ల కంటే మూడు నాలుగు గ్రాములు తగ్గినా తప్పు లేదు. నేను 173, 174 అని వెతికే చోట మీరు 170 తీసుకోవచ్చు. అంతకు మించి దిగొద్దు, ఎందుకంటే పీఠభూమి మీద కూడా వానాకాలంలో గాలులు తక్కువేం కాదు, మీ మైదానం చుట్టూ నీలగిరి చెట్లో గోడలో అడ్డం లేకపోతే మా బాధే మీదీ.

ఇంత చెప్పాక, తేలికది ఎవరికి సరైనదో కూడా చెప్పాలి. లేకపోతే ఇది చదివి ఎవరో తండ్రి పదేళ్ల పిల్ల చేతికి 175 ఇస్తాడు.

పిల్లలకి, అరచేయి చిన్నగా ఉన్నవాళ్లకి 150 నుంచి 160 మధ్య మంచిది. వాళ్లకి బరువు కంటే పట్టు సమస్య. మా దగ్గరికి వచ్చే ఒక హైస్కూల్ అమ్మాయికి వాళ్ల మామయ్య బయటి నుంచి 175 తెచ్చిచ్చాడు. ఎనిమిది మీటర్లకే భుజం ఊపి వేసేది, డిస్క్ చేతిలో జారి ఎటో పోయేది. 158 గ్రాములది ఇచ్చాక ముక్కు సరిగ్గా పట్టుకోగలిగింది, మణికట్టు వాడటం వచ్చింది. దూరం పెరిగింది కూడా, అయితే డిస్క్ తేలికైనందుకు కాదు, వదలడం కుదిరినందుకు. భుజం నొప్పి ఉన్నవాళ్లకి, రోజంతా ఆడితే చివరి బుట్టల దగ్గర చేయి లాగేవాళ్లకి కూడా అయిదారు గ్రాములు తగ్గితే సుఖం. పర్లాకిమిడిలో నాకు తెలిసిన ఒక పెద్దాయన మోచేయి నొప్పితో 165కి మారాడు. ఆయన నాలుగు గోడల మధ్య, స్కూలు ఆవరణలో ఆడతాడు. అక్కడ గాలి లేదు, ఆయనకి అది సరిపోయింది. గోపాల్‌పూర్ వచ్చి ఆడినప్పుడు మాత్రం నా దగ్గర 174 అడిగి తీసుకున్నాడు.

ఇంకొకటి బుట్ట గురించి. మీరు రాయలేదు గాని, మీదీ వెల్డింగ్ షాపు బుట్టే అయి ఉంటుంది. గొలుసుల బుట్టకి 1977లో పేటెంట్ తీసుకున్న ఎడ్ హెడ్రిక్ ఆలోచన చిన్నదే: ఎగిరివచ్చే డిస్క్ ఊపుని వేలాడే గొలుసులు పీల్చుకోవాలి, డిస్క్ బుట్టలోకి జారాలి. అంతకు రెండేళ్ల ముందు కాలిఫోర్నియాలో ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి కోర్సు పెట్టినప్పుడు గురి పెట్టింది గుంజలకే, తగిలిందా లేదా అన్న వాదనలు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు. మంచి బుట్టల్లో గొలుసులు బయట ఒక వరస, లోపల ఒక వరస ఉంటాయి. మన షాపుల్లో చేయించుకున్న వాటిలో ఒకే వరస ఉంటుంది, అదీ ఎడంగా. అలాంటి బుట్టలో గట్టిగా వచ్చిన 175 గొలుసుల మధ్య నుంచి దూరి అవతలికి పోతుంది. తేలిక డిస్క్ కాస్త మెరుగ్గా ఆగుతుంది, నిజమే. దానికి డిస్క్ మార్చడం కంటే లోపల ఇంకో ఆరేడు గొలుసులు వేయించడం చవక. మధ్య గుంజకి దగ్గరగా, బయటి గొలుసుల సందుల్లోకి వచ్చేలా వేయించండి. మరీ సన్నవి కొనకండి, వాటికి డిస్క్‌ని ఆపే బరువు ఉండదు. కుక్కల గొలుసు అసలొద్దు.

కొనేటప్పుడు చూడాల్సినవి. డిస్క్ అడుగున పెన్నుతో రాసిన బరువు ఒక గ్రాము అటూ ఇటూ ఉండవచ్చు, వచ్చాక తూచుకోండి, అంతకు మించి దిగులుపడకండి. బరువు కంటే ప్లాస్టిక్ ముఖ్యం. పట్‌కి గరుకైన బేస్ (మామూలు రకం) ప్లాస్టిక్ మేలు, నున్నటి ప్రీమియం ప్లాస్టిక్ వానలో సబ్బుబిళ్లలా జారుతుంది. మీకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా తడి చేతులే కాబట్టి, ఏ బరువు అని వారం ఆలోచించేవాళ్లు ఏ ప్లాస్టిక్ అని రెండు వారాలు ఆలోచించాలి. మరీ మెత్తటిది తీసుకోకండి. ఎండాకాలం ఎండలో ఉంచితే బేస్ ప్లాస్టిక్ ఇంకా మెత్తబడి, వదిలేటప్పుడు చేతిలో వంగుతుంది. బండి సీటు కింద, కారు డాష్‌బోర్డు మీద ఎప్పుడూ వదిలేయకండి, వంకర తిరిగితే మళ్లీ చదును చేయడం కష్టం. మహారాష్ట్ర వైపు సిరోంచా, చంద్రపూర్‌లలో ఉండి ఇది చదివేవాళ్లెవరైనా ఉంటే, మీ మే నెల ఎండకి గట్టి ప్లాస్టిక్‌లే తీసుకోండి. నీళ్ల బాటిల్ ఉన్న సంచిలోనే డిస్క్‌లూ పెట్టుకోండి.

అంటే మీ ఆర్డర్ ఇలా ఉండాలి: గ్లైడ్ 3 పటర్, బేస్ ప్లాస్టిక్, మధ్యస్థం గట్టిది, 170 నుంచి 173 గ్రాములు. ఏవియార్ అయితే విడి భాగాల్లాగా ఎప్పుడూ దొరుకుతుంది, పోగొట్టుకుంటే మళ్లీ అదే తెప్పించుకోవచ్చు. కంపెనీ ఏదన్నది మీ ఇష్టం. అంచు మీ వేళ్లకి కుదరాలి, అంతే. పూసలా చిన్న గట్టు ఉన్న అంచు కొందరికి నచ్చుతుంది, కొందరికి వేలు ఇరుక్కుంటుంది. మీరు బెర్గ్ అంచుకి అలవాటు పడ్డారు కాబట్టి గట్టు లేనిదే వెతకండి.

చివరి ప్రశ్న: దగ్గరి పట్‌లకి బెర్గ్ ఉంచాలా? రెండు డిస్క్‌లతో రెండు దూరాలు ఆడేవాళ్లు ఉన్నారు, నేను ఒప్పుకోను. 9 మీటర్ల దగ్గర నిలబడి ఏది తీయాలా అని చేయి సంచిలో ఆడుతుంటే ఆ పట్ సగం పోయినట్టే. పైగా ఒకటి జారుతూ వదిలితేనే కుదురుతుంది, ఇంకోటి తోస్తే కుదురుతుంది, చేతికి ఏదీ నిలవదు. కొత్తది రాగానే మొదటి నెల అన్ని పట్‌లూ దానితోనే వేయండి. దగ్గరివి మొదట్లో ఎత్తుగా పోతాయి, గురి గొలుసుల మధ్య కాకుండా కాస్త కిందికి, బుట్ట అంచుకు జానెడు పైకి పెట్టుకోండి. బెర్గ్‌ని 30, 40 మీటర్ల అప్రోచ్‌కి వాడండి. వాలు మీద బుట్ట ఉన్నప్పుడు, తప్పితే లోయలోకి పోయేట్టున్నప్పుడు మాత్రం 15 మీటర్ల నుంచి కూడా బెర్గ్‌నే తీసి బుట్ట పక్కన దించేయండి. అది పట్ కాదు, ఒక స్ట్రోక్ కాపాడుకోవడం.

స్లో మోషన్ వీడియో తీస్తే ఇక్కడే పెట్టండి. వెనక నుంచి కాకుండా పక్కనుంచి తీయండి, డిస్క్ వదిలిన క్షణం నుంచి నేలకు దిగేదాకా ఫ్రేములో ఉండాలి. నేరుగా మీ వెనక నిలబడి తీసిన వీడియోలో ముక్కు కనిపించదు.